క్యాంపర్ వ్యాన్ టైర్లు: ముందు కాటా, తర్వాతే దుకాణం

2022లో అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ ఒక టైరును వెనక్కి పిలిచింది. దాని తయారీ ఆగిపోయి అప్పటికే ఇరవై ఏళ్లు కావస్తోంది. పేరు జీ159, సైజు 275/70 ఆర్22.5. ఊళ్లలో వీధి వీధీ తిరిగి సరుకు దింపే ట్రక్కుల కోసం చేసిన టైరది. 1996 నుంచి 2003 దాకా తయారైన ఈ టైర్లు మోటార్‌హోమ్‌ల కిందికీ చేరాయి. సరుకుల ట్రక్కు నాలుగడుగులకోసారి ఆగుతుంది, దింపేకొద్దీ తేలికపడుతుంది. మోటార్‌హోమ్‌కి ఆ వెసులుబాటు లేదు. పొద్దున ఉన్న బరువే సాయంత్రమూ ఉంటుంది, పైగా హైవే మీద గంటలకొద్దీ ఒకే వేగం. టైరు చల్లారే సందే దొరకదు.

వెనక్కి పిలిచిన టైర్లు లక్షా 73 వేల పైచిలుకు. 8 మంది మరణాలకూ 69 మంది గాయాలకూ వీటితో ముడి ఉందని అమెరికా రహదారి భద్రతా సంస్థ తేల్చింది. కంపెనీ మాత్రం టైరులో లోపం లేదనే చెబుతూ వచ్చింది. గాలి తక్కువగా, బరువు ఎక్కువగా పెట్టి నడిపితేనే ముప్పు అన్నది దాని వాదన. అంతకుముందు, 2003లో మోటార్‌హోమ్ బోల్తా పడిన ఒక కుటుంబం వేసిన దావా చిలవలు పలవలై 2017లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ తేలాల్సింది టైరు మంచిచెడ్డలు కాదు. పరీక్ష ఫలితాలు దాచినందుకు కంపెనీ ఎంత లాయరు ఖర్చు కట్టాలన్నదే. ఆ దాచిన ఫలితాల్లో ఉన్నది గంటకు 55 నుంచి 65 మైళ్ల వేగంలో ఈ టైరు అసాధారణంగా వేడెక్కుతోందన్న సంగతి.

క్యాంపర్ వ్యాన్ అంత పెద్ద బండి కాదు. అయినా ఈ కేసుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. క్యాంపర్‌కి టైరు ఎంచుకోవడం గురించి ఇన్నాళ్లుగా నడుస్తున్న వాదాలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి: తప్పు టైరుదా, దాని మీద పెట్టిన బరువుదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన కాగితం ఒక్కటే, కాటా చీటీ. బండి కొన్నవాళ్లలో చాలామంది దగ్గర లేని కాగితం కూడా అదే.

ముందు అంకెల సంగతి చూద్దాం. టైరు పక్కగోడ మీద సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 116ఆర్, 121ఆర్ లాంటివి. అంకె లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, ఒక పట్టికలో వరుస సంఖ్య. 100 అంటే 800 కిలోలు, 108 అంటే 1000, 112 అంటే 1120, 116 అంటే 1250, 121 అంటే 1450. అంకెలో అయిదు తేడా అంటే చిన్నదే అనిపిస్తుంది. 116కీ 121కీ మధ్య ఒక్కో చక్రానికి 200 కిలోల తేడా ఉంది. అక్షరం వేగానిది. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఆర్ అంటే 170. క్యాంపర్ నడిపేవాళ్లు దీని గురించి బెంగపెట్టుకోనక్కర్లేదు.

121/119 అని రెండు అంకెలుంటే మొదటిది ఒంటి చక్రానికి, రెండోది వెనకాల జోడు టైర్లుగా వేసినప్పటికి. జోడులో ఒక్కో టైరు మోసేది తగ్గుతుంది, ఎందుకంటే రోడ్డు వంపులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ మోస్తుంది. లోపలి టైరులో గాలి పోయినా బయటికి కనపడదు.

మన టైరు షాపుల్లో ఈ అంకె ఎవరూ చెప్పరు. 'ఎన్ని ప్లై?' అని అడుగుతారు. నూలు దారాలతో టైర్లు కట్టిన కాలంలో పొరలు లెక్కపెట్టి బలం చెప్పేవారు. ఇప్పుడు 10 ప్లై రేటింగు టైరును కోసి చూస్తే పది పొరలు ఉండవు. ఆ పాత బలానికి ఇది సాటి అని చెప్పే గుర్తుగా ఆ మాట మిగిలిపోయింది. అమెరికాలో దాన్నే అక్షరంగా రాస్తారు: సీ అంటే 6 ప్లై, డీ అంటే 8, ఈ అంటే 10. క్యాంపర్లు చేసే పెద్ద వ్యాన్లకు ఎల్‌టీ (లైట్ ట్రక్) తరగతి టైరయితే అక్కడ సాధారణంగా 'ఈ' రకమే వాడతారు. అయితే రెండు వేర్వేరు సైజుల 10 ప్లై టైర్లు ఒకే బరువు మొయ్యవు. కాబట్టి ప్లై విని ఊరుకోకుండా లోడ్ ఇండెక్స్ చదవాలి.

ఈ అంకెలు నిజమైన బండి మీద ఎలా పనిచేస్తాయో చూడ్డానికి రామ్ ప్రోమాస్టర్ మంచి ఉదాహరణ. ఇటలీ ఫియట్ డుకాటోకి అమెరికా చుట్టం ఇది. అమెరికాలో ఇంట్లోనే క్యాంపర్ తయారుచేసుకునేవాళ్లు ఎక్కువగా ఎంచుకునే మూడు వ్యాన్లలో ఒకటి. మిగతా రెండు ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్. ప్రోమాస్టర్ వెనక యాక్సిల్ పరిమితి 5,291 పౌండ్లు, అంటే 2400 కిలోలు. కంపెనీ నుంచి వచ్చే 225/75 ఆర్16 'ఈ' రకం టైరు లోడ్ ఇండెక్స్ 115, అంటే ఒక్కోటి 1215 కిలోలు. రెండూ కలిపితే 2430. యాక్సిల్‌కీ టైర్లకీ మధ్య ఉన్న వెసులుబాటు 30 కిలోలు.

కాగితం మీద ఇది చట్టబద్ధమే. సామాను పంచిపెట్టే డెలివరీ వ్యాన్‌కి సరిపోతుంది కూడా, అది రోజంతా నిండుగా తిరగదు కాబట్టి. ఇప్పుడు దాన్ని ఇల్లుగా మార్చండి. వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఎడమవైపు పెట్టారనుకుందాం. యాక్సిల్ మీద మొత్తం సరిగ్గా 2400 కిలోలే ఉన్నా, ఎడమవైపు కుడికన్నా 60 కిలోలు ఎక్కువుంటే ఎడమ టైరు మీద 1230 కిలోలు పడతాయి. పరిమితి దాటింది. యాక్సిల్ బాగానే ఉంది, బండి మొత్తం బరువూ బాగానే ఉంది, ఒక్క టైరు మాత్రం పరిమితికి మించి మోస్తోంది. తలుపు దగ్గర బరువు పరిమితులు రాసి ఉండే పట్టీ ఈ సంగతి చెప్పదు.

ఇదే సైజులో వేరే టైర్లు ఉన్నాయి. యూరప్‌లో దొరికే 225/75 ఆర్16 సీపీ (క్యాంపింగ్) టైరు ఇండెక్స్ 118, అంటే 1320 కిలోలు. మిషెలిన్ అజిలిస్ క్రాస్‌క్లైమేట్ ఇదే కొలతలో 121, అంటే 1450. అదే రిమ్ము, అదే ఎత్తు, మోసే బరువులో మాత్రం ఒక్కో చక్రానికి 235 కిలోల దాకా తేడా. అందుకే ప్రోమాస్టర్ క్యాంపర్ల యజమానులు టైర్లు అరగకముందే మార్చేస్తుంటారు. నా ఉద్దేశంలో అది చాదస్తం కాదు.

కానీ ఇక్కడే చాలామంది ఒక మెట్టు దాటేస్తారు. 121 టైరు వేసినంత మాత్రాన యాక్సిల్ 2900 కిలోలు మొయ్యదు. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, రిమ్ము అన్నీ పాతవే. కొందరు కమాను కట్టల్లో అదనంగా ఒక పట్టీ వేయించి, కుంగిన వెనక భాగం పైకి లేచింది కదా, బలం పెరిగిందని సంతోషిస్తారు. లేచింది బండి ఎత్తు మాత్రమే. బలమైన టైరు పని ఎక్కువ బరువు వెయ్యనివ్వడం కాదు, ఉన్న బరువుకి ఊపిరాడే చోటు ఇవ్వడం.

ఇంతకీ ఇల్లు కట్టిన వ్యాన్ ఎంత బరువుంటుంది? తయారుచేసినవాళ్లలో చాలామంది తక్కువగానే ఊహిస్తారు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, ఎనిమిదడుగులకు నాలుగడుగులది, దాదాపు 35 కిలోలు. మంచం, అల్మరాలు, గట్టు కలిపి ఏడెనిమిది షీట్లు ఇట్టే అయిపోతాయి. వంద లీటర్ల నీళ్లు వంద కిలోలు, వాడిన నీళ్ల ట్యాంకు దానికి అదనం. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ 30 కిలోల దగ్గర ఉంటుంది, అదే సామర్థ్యపు లిథియం బ్యాటరీ పన్నెండు పదమూడు కిలోలు. బరువు తగ్గించుకోవాలంటే డబ్బు పెట్టదగిన చోటు ఇదే. మన ఇంటి గ్యాస్ బండ నిండుగా 30 కిలోలు, అందులో సగం ఇనుమే. ఆ తర్వాత మనుషులు. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు వేసవిలో యెల్లోస్టోన్‌కో, యూటా లోయలకో క్యాంపర్ అద్దెకు తీసుకుని, అప్పుడే ఇండియా నుంచి దిగిన అమ్మానాన్నలను ఎక్కించుకుని బయల్దేరతాయి. విమానంలో ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి. అందులో సగం సామాను వ్యాన్‌లోకీ వస్తుంది. అద్దె వ్యాన్ తలుపు దగ్గర, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని రాసిన పట్టీ ఉంటుంది. దాన్ని చదివి బయల్దేరేవాళ్లు అరుదు.

ఎంత బరువన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ లెక్కే. వెనక యాక్సిల్ అవతల వేలాడే బరువు ఆ యాక్సిల్ మీద తనకన్నా ఎక్కువగా పడుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 4 మీటర్లున్న వ్యాన్ వెనకాల, యాక్సిల్‌కి మీటరున్నర అవతల 50 కిలోల సైకిళ్లు తగిలిస్తే వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 69 కిలోలు. పైన పడ్డ 19 కిలోలు ముందు చక్రాల మీంచి వచ్చినవే. ముందు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, వెనక టైరు కుంగుతుంది. నీళ్ల ట్యాంకును వెనక తలుపు దగ్గర పెట్టే ప్లాన్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ట్యాంకు రెండు యాక్సిళ్ల మధ్యే ఉండాలి, బ్యాటరీలు దానికి ఎదురువైపు ఉండాలి.

కాబట్టి మొదటి పని తూకం. అమెరికాలో ట్రక్కులు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే కాటాలున్నాయి. వాటి మీద వేర్వేరు పలకలుంటాయి కాబట్టి ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ బరువులు విడివిడిగా చీటీ మీద వస్తాయి. మన దగ్గర అంత ఏర్పాటు అక్కర్లేదు. ఏ రైస్ మిల్లు దగ్గరైనా, క్వారీ దగ్గరైనా వేబ్రిడ్జి ఉంటుంది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండంతా ఎక్కించి ఒకసారి తూకం వేయిస్తే, తేడా వెనక యాక్సిల్‌ది. కుడి ఎడమలు కూడా కావాలంటే ఒక పక్క చక్రాలు మాత్రమే పలక మీదికి ఎక్కించాలి. పక్కన నేల సమానంగా ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది. తూకం వేసేటప్పుడు నీళ్లు, డీజిలు నిండుగా ఉండాలి, ప్రయాణించే మనుషులు లోపల కూర్చుని ఉండాలి. ఖాళీ బండి తూకం ఎవరికీ పనికిరాదు.

కాటా చీటీ చేతికొచ్చాక టైరు ఎంపిక సులువే. నా లెక్క రెండు మెట్లది. మొదటిది, టైరు సామర్థ్యం తలుపు దగ్గరి పట్టీలో రాసిన యాక్సిల్ పరిమితిలో సగానికి ఎప్పుడూ తగ్గకూడదు, బండి ఈరోజు తేలికగా ఉన్నా సరే. రెండోది, కాటా మీద బరువుగా తేలిన చక్రానికి కనీసం పదిశాతం పైన ఉండాలి. ఇరవై శాతం ఉంటే ఇంకా మేలు. పట్టీ మీద రాసిన ఇండెక్స్ కన్నా తక్కువది, దుకాణదారు ఎంత ధీమాగా చెప్పినా, వేయించుకోకూడదు.

ఇక గాలి. లోడ్ ఇండెక్స్ చెప్పే బరువు టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి మాట. స్ప్రింటర్ మీద వేసే ఎల్‌టీ245/75 ఆర్16 'ఈ' రకం టైరునే చూడండి. 80 పీఎస్‌ఐ దగ్గర అది 1380 కిలోలు మోస్తుంది. 65 దగ్గర 1190. 50 దగ్గర సరిగ్గా 1000. టైరు అదే, పోయింది గాలి మాత్రమే, దాంతోపాటు 380 కిలోల సామర్థ్యం. గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా పక్కగోడ ఎక్కువగా మడతపడుతుంది. ఆ మడతే వేడి. వేడికి లోపలి ఉక్కు పట్టీల మధ్య రబ్బరు అతుకు వదులుతుంది. నున్నగా అరిగిన టైరు కన్నా, పైకి కొత్తగా కనిపిస్తూ గాలి తక్కువైన టైరు హైవే మీద అందుకే ఎక్కువ మోసం చేస్తుంది.

గాలి విషయంలో అందరికీ గుర్తుండిపోయిన గొడవ ఫోర్డ్, ఫైర్‌స్టోన్‌లది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్లు బోల్తాపడి మనుషులు చనిపోతుంటే, 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. చివరికి లెక్కతేలిన మరణాలు రెండు వందలు దాటాయి. ఫోర్డ్ ఆ బండికి 26 పీఎస్‌ఐ చాలని చెప్పింది, టైరు కంపెనీ అది తక్కువని అంది. టైరుదే తప్పని ఫోర్డ్, బండిదీ గాలిదీ తప్పని ఫైర్‌స్టోన్. 2001లో దాదాపు వందేళ్ల వ్యాపార బంధం తెగిపోయింది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందనే నేననుకుంటాను. మెత్తటి ప్రయాణం కోసం గాలి తగ్గిస్తే టైరుకు మిగిలే వెసులుబాటు తగ్గుతుంది. అప్పుడు తయారీలో చిన్న లోపమున్నా అది ప్రాణాంతకమవుతుంది. ఆ గొడవ ఫలితంగానే అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి కొత్త తేలికపాటి బళ్లన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరైంది.

ఆ దీపాన్ని క్యాంపర్ యజమాని పూర్తిగా నమ్ముకోకూడదు. నిబంధన ప్రకారం సూచించిన గాలిలో పాతిక శాతం పోయాక వెలిగితే చాలు. 80 ఉండాల్సిన టైరులో 60కి దిగేదాకా అది ఊరుకోవచ్చు. పైన చెప్పిన టైరు అప్పటికి 200 కిలోలకు పైగా సామర్థ్యం పోగొట్టుకుని ఉంటుంది. వెనక జోడు టైర్లున్న బళ్లకైతే ఆ నిబంధనే వర్తించదు. కాబట్టి ఒక మంచి గేజి కొనుక్కుని పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవడమే దారి. పొద్దున అని ఎందుకంటే, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు తగ్గితే 80 పీఎస్‌ఐ టైరులో దాదాపు 6 పడిపోతుంది. పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్‌ఐ అని అమెరికాలో చెప్పుకునే లెక్క కార్ల టైర్లది. ఎక్కువ గాలి ఉండే వ్యాన్ టైర్లలో తేడా దాదాపు రెట్టింపు.

యూరప్‌లో ఈ చర్చ ఇంకో తీరున నడిచింది. అక్కడ మోటార్‌హోమ్‌లలో పెద్ద భాగం ఫియట్ డుకాటో మీద కట్టినవే. మామూలు కారు లైసెన్సుతో నడపగలిగిన పరిమితి 3500 కిలోలు. అందులోనే ఇరికించాలని తయారీదారులు బరువును ఆఖరి కిలోదాకా లెక్కేస్తారు. మంచాలు, నీళ్లు, సైకిళ్లు ఎక్కేసరికి బండి ఎప్పుడూ అంచు మీదే. సీపీ తరగతి, అంటే క్యాంపింగ్ టైరు, ఈ పరిస్థితికి వచ్చిన జవాబు. మామూలు సీ తరగతి (అమెరికా ప్లై అక్షరం 'సీ' కాదిది) వ్యాన్ టైరు పొద్దున నిండుగా, సాయంత్రం ఖాళీగా తిరిగే బండికోసం. సీపీ టైరు ఎప్పుడూ నిండుగా ఉండి, నెలల తరబడి ఒకేచోట నిలబడి, ఒక్కసారిగా వేల కిలోమీటర్లు పరుగెత్తే బండికోసం. దీని కట్టడం గట్టిది. వెనక యాక్సిల్ ఒంటి టైర్లలో 5.5 బార్, అంటే దాదాపు 80 పీఎస్‌ఐ ఉంచమని యూరప్ టైరు ప్రమాణాల సిఫారసు. మిషెలిన్ అజిలిస్ క్యాంపింగ్, దాని తర్వాత వచ్చిన క్రాస్‌క్లైమేట్ క్యాంపింగ్, కాంటినెంటల్ వాన్‌కాంటాక్ట్ క్యాంపర్ ఈ రకానివే.

ఈ 5.5 బార్ మీద యూరప్ యజమానుల సణుగుడు ఇంతా అంతా కాదు. గిన్నెలు గలగలలాడతాయని, వాన రోడ్డు మీద పట్టు తగ్గుతుందని, టైరు నడుమ భాగమే అరుగుతుందని వాళ్ల ఫిర్యాదు. ఇందులో నిజముంది. తేలికైన వ్యాన్‌కి పూర్తి గాలి కొడితే టైరు నేలను ఆనుకునే చోటు తగ్గిపోతుంది. కానీ ఫిర్యాదు చేసేవాళ్లలో ఎంతమంది తూకం వేయించారు? వేయించినవాళ్లు ఆ చీటీలోని అంకెలు టైరు కంపెనీకి పంపితే ఏ యాక్సిల్‌కి ఎంత గాలో రాసి పంపుతారు. అది 5.5కన్నా తక్కువ కావచ్చు, నిశ్చింతగా వాడుకోవచ్చు. తూకం లేనివాళ్లు 5.5లోనే ఉండాలి, గిన్నెలు గలగలలాడినా సరే. సీపీనే కావాలా, సీ చాలదా అంటే నా తీర్పు ఇది: కాటా మీద పరిమితికి దగ్గరగా తేలే బండికి, ఎక్కువకాలం నిలిచిపోయే బండికి సీపీ. పరిమితికి నాలుగైదు వందల కిలోలు దిగువన ఉండే చిన్న వ్యాన్‌కి సరైన ఇండెక్స్ ఉన్న మంచి సీ టైరు చాలు.

అమెరికాలో ఇంకో జబ్బు ఉంది. ఎడారి దారుల ఫొటోలు చూసి లావుపాటి గళ్లతో ఉండే ఆల్ టెరైన్ టైర్లు వెయ్యడం. ఫోర్డ్ ట్రాన్సిట్ ఒంటి చక్రాల రకానికి కంపెనీ ఇచ్చే 235/65 ఆర్16సీ టైరు ఇండెక్స్ 121, అంటే 1450 కిలోలు. దాన్ని తీసేసి చాలామంది వేసే ఎల్‌టీ245/75 ఆర్16 'ఈ' రకం టైరు మోసేది 1380. చూడ్డానికి పెద్దది, ఎత్తయినది, ఖరీదైనది, కానీ 70 కిలోలు తక్కువ మోస్తుంది. కాటా చీటీ చూసి, ఆ తగ్గింపు తమ బండికి ఫరవాలేదని తెలిసి వేసుకుంటే ఒక లెక్క. అందంకోసం వేసుకుంటే మరో లెక్క.

కారు టైర్ల గురించి రెండు మాటలు చాలు. చిన్న క్యాంపర్లకు, ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ లాంటివాటికి, 235/55 ఆర్17 103 లాంటి బలపరిచిన కారు టైర్లు వస్తాయి. కంపెనీ ఇచ్చినంతవరకు పేచీ లేదు. మీరుగా కారు టైరును వ్యాన్ మీదికి మార్చాలనుకుంటే మాత్రం, అమెరికా నిబంధన ప్రకారం దాని సామర్థ్యాన్ని 1.1తో భాగించాలి. 103 అంటే 875 కిలోలు, వ్యాన్ మీద అది 795 అవుతుంది. వ్యాన్ ఊగిసలాట, మనిషి నింపే తీరు కారులా ఉండవు కాబట్టి పెట్టిన కోత అది.

టైరు మంచిదే వేసి, చవకైన రబ్బరు వాల్వు పెడితే శ్రమంతా వృథా. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్‌ఐ దాకానే. 80 పెట్టే టైరుకి ఎక్కువ ఒత్తిడికి చేసిన వాల్వు కావాలి. లోహపుదైతే ఇంకా మంచిది. రిమ్ముకీ ఒక బరువు పరిమితి ఉంటుంది. అందంగా ఉందని కొన్న అల్లాయ్ వీల్ వెనకవైపు చెక్కిన అంకె చూడకుండా బిగించకూడదు.

వయసు సంగతి క్యాంపర్లకు ప్రత్యేకం. ఈ బళ్ల టైర్లు అరిగి పోవడం తక్కువ, ముదిరి పోవడం ఎక్కువ. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల చివర ఉండే నాలుగంకెలు తయారీ తేదీ: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. బ్రిటన్ 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు, మినీ బస్సుల ఒంటి చక్రాలన్నిటికీ పదేళ్లు దాటిన టైర్లను నిషేధించింది. సొంత క్యాంపర్లను వదిలేసింది. చట్టం వదిలేసినా ఏడో ఏట మార్చుకోవడం మంచిది. గళ్లు నిండుగా ఉన్నాయని మురిసిపోయి పదో ఏడుకి లాగకూడదు.

మన దగ్గరికొస్తే, క్యాంపర్ ముచ్చట ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా, టాటా వింగర్ లాంటి బళ్లను ఇళ్లుగా మార్చే షెడ్లు పెరుగుతున్నాయి. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బండి రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఇవి కాగితాల మాట. నేల మీద జరిగేది వేరు. షెడ్డువాళ్లు గ్రానైట్ గట్టు, ఇనుప చట్రం, పైన పెద్ద ఏసీ, కింద ఇన్వర్టర్ బ్యాటరీలు పెట్టి, ఫొటోలు తీసి బండి అప్పగిస్తారు. పాత టైర్లే ఉంటాయి. కాటా మాట ఎవరూ ఎత్తరు.

మన వాతావరణం ఇక్కడ శత్రువే. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో గాలి వేడి 45 డిగ్రీలకు చేరితే తారు రోడ్డు దానికి మించి కాలుతుంది. అప్పుడు చాలామంది డ్రైవర్లు చేసే పని, ఎండాకాలమని గాలి తగ్గించి కొట్టించడం. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయం. నిజానికి జరిగేది దీనికి తలకిందులు. గాలి తగ్గితే మడత పెరుగుతుంది, మడతతో వేడి పెరుగుతుంది. చల్లటి టైరులో పట్టీ చెప్పినంత గాలి ఉంటే, దారిలో అది పదిహేను శాతం పెరిగినా టైరు తట్టుకునేలానే తయారైంది. వేడిగా ఉన్నప్పుడు గేజి ఎక్కువ చూపించిందని గాలి వదలడం మరీ పొరపాటు. నైట్రోజన్ పట్టిస్తే బరువు ఎక్కువ మోస్తుందన్న మాటకూ ఆధారం లేదు. రీట్రెడ్ టైర్లు లారీల వెనక చక్రాలకు చేసే సేవ గొప్పదే, కానీ కుటుంబం నిద్రపోతూ ప్రయాణించే బండికి వాటిని నేను ఒప్పుకోను.

స్టెప్నీని మరవకూడదు. చాలా మార్పుల్లో వెనకున్న స్టెప్నీని తీసేసి ఆ చోట నీళ్ల ట్యాంకు పెడతారు. ఉంచినా, మిగతా నాలుగూ 121 అయి స్టెప్నీ పాత 112గా ఉండిపోతుంది. నల్లమల ఘాట్‌లో రాత్రిపూట అదే వేసుకుని దిగాలి. టైర్లు మార్చినప్పుడు అయిదూ మార్చాలి.

క్యాంపర్ చేయించుకునేవాళ్లకు ఒక మాట. షెడ్డువాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడే రెండు యాక్సిళ్ల కాటా చీటీ, నీళ్లు నిండుగా ఉన్నప్పటిది, అప్పగింత రోజున ఇవ్వాలని రాయించండి. ఆ అంకెలకు సరిపడే టైర్లు, రిమ్ములు, వాల్వుల ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే వేసుకోండి. సోఫా రంగు తర్వాత చూసుకోవచ్చు. చీటీ ఇవ్వడానికి నసిగితే చివరి వాయిదా డబ్బు ఆపండి.